ఆర్థిక సలహాదారుకు ఏ సోషల్ మీడియా నప్పుతుంది? యూట్యూబ్, లింక్డిన్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల పోలిక

కొత్తగా ప్రాక్టీసు పెట్టిన ఆర్థిక సలహాదారుల్లో చాలామంది ఒకే పని చేస్తారు. ఒక్క రోజులో ఐదు చోట్ల ఖాతాలు తెరుస్తారు, ఒకే పోస్టును ఐదింటిలోనూ పెడతారు, కొన్నాళ్లకు ఐదూ మూలనపడతాయి. ఫాలోవర్లు రాలేదని కాదు, వచ్చినవాళ్లలో ఒక్కరూ క్లయింటు కాలేదని. ఈ వేదికలన్నీ ఒకే పనికి పనికొస్తాయనుకోవడమే ఇక్కడ పొరపాటు. కొన్ని మిమ్మల్ని ముక్కూమొహం తెలియనివాళ్లకు పరిచయం చేస్తాయి. కొన్ని, పరిచయమైనవాళ్లు మిమ్మల్ని మరచిపోకుండా చూస్తాయి. డబ్బు విషయంలో ఒక మనిషిని నమ్మడానికి జనం నెలలు తీసుకుంటారు కాబట్టి రెండూ కావాలి. అందుకే మా సలహా ముందే చెప్పేస్తాం: కొత్తవాళ్లకు మీరు దొరికే చోటు ఒకటి, దొరికినవాళ్లతో మాట కలిపి ఉంచే చోటు ఒకటి. ఆ రెండూ ఏడాది పాటు ఆగకుండా నడిచాకే మూడోదాని సంగతి.

ఏ రెండు అన్నది మూడు విషయాలను బట్టి తేలుతుంది. మీ ఫీజు కట్టేవాళ్లు ఎవరు? మీకు మాట్లాడటం తేలికా, రాయడం తేలికా? మీ నియంత్రణ సంస్థ, మీరు పనిచేసే కంపెనీ వేటికి ఒప్పుకుంటాయి? చాలామంది రెండో ప్రశ్నను తేలిగ్గా తీసుకుంటారు. కెమెరా ముందు బిగుసుకుపోయే మనిషి బలవంతంగా వీడియోలు చేస్తే చూసేవాళ్లకు కనిపించేది ఆ బిగుసుకుపోవడమే. బాగా రాయగలిగితే వీడియో జోలికి పోకుండానే ప్రాక్టీసు నిలబెట్టుకోవచ్చు.

యూట్యూబ్: వెతుక్కుంటూ వచ్చేవాళ్ల కోసం

సలహాదారు కోణంలో యూట్యూబ్ ముందు సెర్చ్ ఇంజిన్, ఆ తర్వాతే సోషల్ మీడియా. రిటైర్‌మెంట్ దగ్గరపడిన మనిషి 'పెన్షన్ డబ్బు ఒకేసారి తీసుకోవాలా, నెలనెలా తీసుకోవాలా' అని టైప్ చేస్తాడు. ఆ ప్రశ్నకు ఎనిమిది నిమిషాల్లో సూటిగా జవాబిచ్చిన వీడియో రెండేళ్ల తర్వాత కూడా మనుషుల్ని తెస్తుంది. రీల్‌కు గానీ లింక్డిన్ పోస్టుకు గానీ అంత ఆయుష్షు ఉండదు. పైగా మీ గొంతు, మీ తీరు అంతసేపు చూసి వచ్చినవాళ్లతో మొదటి ఫోన్ కాల్ సగం పని అయిపోయినట్టే నడుస్తుంది. కుటుంబాలకు, రిటైర్‌మెంట్‌కు దగ్గరైనవాళ్లకు సలహా ఇచ్చేవారు, మాట తడబడకుండా చెప్పగలవారు మొదట ఎంచుకోవాల్సింది ఇదే.

దీనికి అయ్యే ఖర్చు సమయం. ఎనిమిది నిమిషాల వీడియోకు స్క్రిప్టు మూడు గంటలు, షూటింగ్ ఒక గంట, ఎడిటింగ్ మూడు నాలుగు గంటలు, టైటిల్‌కూ థంబ్‌నెయిల్‌కూ ఇంకో గంట వేసుకోండి. అంటే నిండుగా ఒక పనిదినం. వారానికో రోజు కేటాయించలేకపోతే రెండు వారాలకు ఒకటి చేయండి. నెలకు నాలుగు చేసి మూడు నెలలు మాయమయ్యే ఛానెల్ కంటే అది మెరుగు. కెమెరాకు ఫోన్ చాలు, డబ్బు పెట్టాల్సింది కాలర్ మైక్ మీద. మసక బొమ్మను జనం ఓర్చుకుంటారు, గింగురుమనే గొంతును ఓర్చుకోరు.

ఎక్కువ వీడియోలు దెబ్బతినేది మొదటి అర నిమిషంలోనే. 'మా ఛానెల్‌కు స్వాగతం, లైక్ చేయండి, సబ్‌స్క్రైబ్ చేయండి, గంట నొక్కండి' అంటుండగానే చూసేవాళ్లు వెళ్లిపోతారు. యూట్యూబ్ స్టూడియోలో రిటెన్షన్ గ్రాఫ్ (ఏ క్షణం దాకా ఎంతమంది చూశారో చూపే గీత) తెరిస్తే ఆ గీత ఎక్కడ జారిందో తెలుస్తుంది. దీనికి విరుగుడు వరుస మార్చడమే. మొదటి పదిహేను సెకన్లలో జవాబు ఒక్క వాక్యంలో చెప్పేయండి. తర్వాత అది ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు. తర్వాత ఒకే ఒక లెక్క, అంకెలు తెరమీద కనిపించేలా. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో చెప్పి, చివర చూసినవాళ్లు చేయాల్సిన పని ఒక్కటే చెప్పండి. టైటిల్‌కు 100 అక్షరాల దాకా వీలున్నా ఫోన్ తెరమీద తోక తెగిపోతుంది కాబట్టి అసలు ప్రశ్న ముందే రావాలి. వీడియోను అధ్యాయాలుగా విడగొట్టాలంటే డిస్క్రిప్షన్‌లో మొదటి సమయం 0:00 ఉండాలి, కనీసం మూడు అధ్యాయాలు, ఒక్కోటి పది సెకన్లకు తగ్గకుండా. ఈ మూడింటిలో ఏది తప్పినా అధ్యాయాలు కనపడవు.

షార్ట్స్‌ను 2024 అక్టోబరు నుంచి మూడు నిమిషాల దాకా పెట్టుకోవచ్చు. కానీ 2023 ఆగస్టు తర్వాత షార్ట్స్ డిస్క్రిప్షన్‌లోనూ కామెంట్లలోనూ పెట్టిన లింకులు నొక్కితే తెరుచుకోవు. కాబట్టి అపాయింట్‌మెంట్ లింక్ అక్కడ పెట్టి ఎదురుచూడటం దండగ. మీ పెద్ద వీడియోనే 'సంబంధిత వీడియో'గా జతచేయండి. షార్ట్స్ చూసి చేరిన సబ్‌స్క్రైబర్లు పెద్ద వీడియోలు చూస్తారన్న భరోసా పెట్టుకోవద్దు. వాళ్లు వేరే జనం.

ఇంకో చిక్కుంది. పన్ను నిబంధనలు మారితే పాత వీడియో అబద్ధం చెబుతున్నట్టవుతుంది. అదే లింకు కింద వీడియో ఫైలును మార్చే వీలు యూట్యూబ్‌లో లేదు. అందుకని పన్ను రేట్లు, పరిమితులు చెప్పే వీడియో టైటిల్‌లో సంవత్సరం వేయండి. నిబంధన మారిన రోజే పిన్ చేసిన కామెంట్‌లో ఆ మాట రాయండి, కొత్తది సిద్ధమయ్యాక పాతదాన్ని ప్రైవేట్ చేయండి.

లింక్డిన్: రాయగలిగినవారికి, ఉద్యోగులు క్లయింట్లయినవారికి

కంపెనీ షేర్లు జీతంలో భాగంగా అందుకునేవాళ్లు, డాక్టర్లు, వ్యాపారాలు నడిపేవాళ్లు మీ క్లయింట్లయితే లింక్డిన్ యూట్యూబ్‌ను మించుతుంది. ఇక్కడ మీరు చేరే మనుషుల సంఖ్య తక్కువే. కానీ ఎవరు ఏ ఉద్యోగంలో ఉన్నారో, ఎప్పుడు మారారో కనిపిస్తుంది. ఉద్యోగం మారడం, పదోన్నతి, కంపెనీ అమ్ముడుపోవడం లాంటివే జనం సలహాదారు కోసం చూసే సందర్భాలు. అలాగని ఉద్యోగం మారిన ప్రతి మనిషికీ 'అభినందనలు, మీ పాత పీఎఫ్ ఏం చేశారు?' అని సందేశం కొట్టకండి. అది పసిగట్టడానికి ఎవరికీ క్షణం పట్టదు.

పోస్టుకు 3000 అక్షరాల దాకా చోటుంది, కానీ ఫీడ్‌లో కనిపించేది మొదటి రెండు మూడు వరుసలే. మిగతాది 'సీ మోర్' వెనక ఉంటుంది. ఒక ఉదాహరణ చూడండి. 'ఆర్థిక ప్రణాళికలో వైవిధ్యీకరణ ఎంతో ముఖ్యమైన అంశం' అని మొదలైన పోస్టును ఎవరూ తెరవరు. అదే విషయాన్ని ఇలా మొదలుపెట్టండి: 'మీ జీతం ఇచ్చేది ఈ కంపెనీ. మీ ఆస్తిలో 60 శాతం షేర్లూ ఈ కంపెనీవే. కంపెనీకి గడ్డుకాలం వస్తే రెండూ ఒకేసారి పోతాయి.' ఆ పరిస్థితిలో ఉన్న మనిషి తప్పకుండా తెరుస్తాడు, లేనివాడు దాటిపోతాడు. దాటిపోనివ్వండి.

సంస్థ పేజీ కంటే సొంత ప్రొఫైల్ నుంచి రాసిందే ఎక్కువమందికి చేరుతుంది, ఎక్కువగా జవాబులు తెస్తుంది. సంస్థ పేజీని చిరునామా కోసం, రిజిస్ట్రేషన్ వివరాల కోసం ఉంచండి. వారానికి రెండు పోస్టులు, రోజూ పావుగంట ఇతరుల పోస్టుల కింద పనికొచ్చే కామెంట్లు, ఇది చాలు. చార్టర్డ్ అకౌంటెంట్లు, లాయర్ల పోస్టుల కింద రాసే కామెంటుకు విలువ ఎక్కువ, ఎందుకంటే క్లయింట్లను మీ దగ్గరికి పంపేది వాళ్లే. ప్రొఫైల్‌లో 'రికమెండేషన్స్' విభాగం మాత్రం జాగ్రత్త. క్లయింటు రాసిన రెండు మంచి మాటలు కొన్నిచోట్ల నిబంధనల ఉల్లంఘన అవుతాయి. దాని సంగతి కింద చెబుతాం.

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, ఎక్స్, టెలిగ్రామ్

ఇప్పుడిప్పుడే సంపాదన మొదలుపెట్టినవాళ్లతో, గంటకో సమావేశానికో ఫీజు తీసుకుని పనిచేసే పద్ధతి మీదైతే ఇన్‌స్టాగ్రామ్ పెట్టుకోండి. ఆస్తిలో శాతం ఫీజుగా తీసుకునేవారికి ఇది కలిసిరాదు. చూసేవాళ్ల దగ్గర ఇంకా ఆస్తి ఉండదు. రీల్స్ కొత్తవాళ్లను తెస్తాయి, దాచుకుని మళ్లీ చూసేది మాత్రం క్యారసెల్ పోస్టులను, అంటే పక్కకు జరుపుతూ చూసే బొమ్మల వరుసను. ఒక్కో క్యారసెల్‌లో ఇప్పుడు 20 దాకా బొమ్మలు పెట్టొచ్చు, ఏడెనిమిది దాటకపోవడం మంచిది. క్యాప్షన్‌లో లింకు పనిచేయదు, బయోలోనో స్టోరీలోనో పెట్టాలి.

ఫేస్‌బుక్‌లో మామూలు పోస్టులతో పేజీ నడపడం వల్ల ఒరిగేది తక్కువ, ప్రకటనలకే అది పనికొస్తుంది. లీడ్ ఫారం (లీడ్ అంటే క్లయింటు కాగల మనిషి వివరాలు) వాడితే పేరూ ఫోన్ నంబరూ ముందే నిండిపోయి ఉంటాయి కాబట్టి జనం ఆలోచించకుండా నొక్కేస్తారు. మీరు ఫోన్ చేస్తే 'ఏ ఫారం?' అంటారు. ఫారం రకాల్లో 'హయ్యర్ ఇంటెంట్' ఎంచుకుని, చేత్తో రాయాల్సిన ఒక ప్రశ్న చేర్చండి: 'ఇప్పుడు మీరు తీసుకోవాల్సిన నిర్ణయం ఏమిటి?' లీడ్లు తగ్గిపోతాయి. తగ్గాలి కూడా.

ఎక్స్‌లో మిమ్మల్ని చదివేది ఎక్కువగా తోటి సలహాదారులు, విలేకరులు. పేరు వస్తుంది, క్లయింట్లు అరుదుగా వస్తారు. టెలిగ్రామ్ షేర్ టిప్స్ గుంపులతో ఎంత చెడ్డపేరు మూటగట్టుకుందంటే, అక్కడ ఛానెల్ ఉందని చెప్పడమే అనుమానానికి తావిస్తుంది. మా మాటకు వస్తే, వదిలేయండి.

వాట్సాప్: కొత్తవాళ్ల కోసం కాదు

వాట్సాప్‌ను లీడ్ల కోసం వాడటం దాని బలాన్ని పాడుచేసుకోవడమే. అది ఇప్పటికే ఉన్న క్లయింట్లకు, వాళ్లు స్వయంగా నంబరు ఇచ్చిన పరిచయస్థులకు. మార్కెట్ పడిన రోజు ఉదయాన్నే వెళ్లే నాలుగు వరుసల సందేశం చాలామంది క్లయింట్లను భయంతో అమ్మేయకుండా ఆపుతుంది. ఆ పని ఇంకే వేదికా ఇంత త్వరగా చేయలేదు.

దీనిలో మూడు దారులున్నాయి, తేడా తెలియకపోతే ఇబ్బందులొస్తాయి. గ్రూపులో 1024 మంది దాకా పడతారు, కానీ అందులో ఉన్నవాళ్ల నంబర్లు ఒకరివొకరికి కనిపిస్తాయి. అంటే మీ క్లయింట్ల జాబితాను మీరే బయటపెట్టినట్టు. మోసగాళ్లు ఒకసారి ఆ గ్రూపులోకి దూరితే మీ ఫొటో పెట్టుకుని ఒక్కొక్కరికీ విడిగా సందేశం పంపుతారు. కాబట్టి క్లయింట్లతో గ్రూపు వద్దే వద్దు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఒక్కోదానికి 256 మంది. ఎవరికి వారికి విడిగా వచ్చినట్టే కనిపిస్తుంది. అయితే మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు సందేశం చేరదు. 'పంపాను కదా' అని మీరు, 'రాలేదే' అని వాళ్లు. కొత్త క్లయింటు చేరిన రోజే ఎదురుగా నంబరు సేవ్ చేయించండి. మూడోది 2023లో వచ్చిన ఛానెల్. చేరినవాళ్ల నంబర్లు తోటివాళ్లకు కనిపించవు, ఎంతమందైనా చేరొచ్చు, కానీ మాట ఒకవైపు నుంచే. 250 లోపు క్లయింట్లుంటే బ్రాడ్‌కాస్ట్, దాటితే ఛానెల్.

సొంత నంబరు, వ్యాపార నంబరు వేరుగా ఉండాలి. 'డిసప్పియరింగ్ మెసేజెస్' ఆఫ్‌లో ఉండాలి. కొనమనో అమ్మమనో చెప్పే మాట వాట్సాప్‌లో చెప్పకండి. ఫోన్‌లో మాట్లాడినా సరే, ఈమెయిల్‌లో రాసి పంపండి. దీని వెనక కారణం ఖరీదైనదే: 2022 సెప్టెంబరులో అమెరికా నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ, ఉద్యోగులు వాట్సాప్‌లో, సొంత ఫోన్లలో పంపుకున్న సందేశాలను భద్రపరచలేదని 16 సంస్థల నుంచి 110 కోట్ల డాలర్లకు పైగా జరిమానా రాబట్టింది. సలహా తప్పని కాదు, రికార్డు లేదని.

నిబంధనలను బట్టి ఎంపిక మారే చోట్లు

ఒకే పోస్టు ఒక దేశంలో చెల్లుతుంది, ఇంకో దేశంలో నోటీసు తెస్తుంది. క్లయింట్ల మెచ్చుకోలునే తీసుకోండి. అమెరికాలో ఎస్‌ఈసీ మార్కెటింగ్ నిబంధన 2022 నవంబరు 4 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చాక, చెప్పిన మనిషి క్లయింటేనా, డబ్బు తీసుకున్నాడా అన్నది స్పష్టంగా వెల్లడిస్తే టెస్టిమోనియల్స్ వాడొచ్చు. భారత్‌లో సెబీ 2023 ఏప్రిల్‌లో తెచ్చిన ప్రకటనల నియమావళి ప్రకారం ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్లు క్లయింట్ల టెస్టిమోనియల్స్ వాడకూడదు. 'బెస్ట్', 'నంబర్ వన్' లాంటి మాటలూ కుదరవు. రిజిస్ట్రేషన్ నంబరు, నష్టభయ హెచ్చరిక ఉండాలి. లింక్డిన్ రికమెండేషన్లను, గూగుల్ రివ్యూ స్క్రీన్‌షాట్లను పోస్టు చేసే అలవాటు ఇక్కడే తగులుకుంటుంది.

బ్రిటన్‌లో ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ 2024 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాల సారం ఏమిటంటే, ప్రతి పోస్టూ తనంతట తాను నిబంధనలకు లోబడి ఉండాలి. హెచ్చరికను 'సీ మోర్' వెనక దాచకూడదు. అంటే చిన్న రీల్‌లో ఫలానా పెట్టుబడి లాభాలు చెప్పి, నష్టాలు బయో లింకులో ఉన్నాయనడం చెల్లదు. మీరు ఎక్కడున్నా దీన్ని పాటించడం మంచిది: లాభనష్టాలు రెండూ చెప్పడానికి చోటు లేని వేదిక మీద ఏ పెట్టుబడి పేరూ ఎత్తకండి, అలవాట్ల గురించి, లెక్కల గురించి మాట్లాడండి.

కంపెనీ కింద పనిచేసేవారికి ఇంకో లెక్కుంది. అమెరికా బ్రోకర్ సంస్థలకు, వాటిని పర్యవేక్షించే ఫిన్రా పెట్టిన 2210 నిబంధన ప్రకారం వీడియో, ప్రొఫైల్ లాంటి మారకుండా ఉండే విషయానికి ముందే అనుమతి కావాలి. కామెంట్లకు జవాబు లాంటి అప్పటికప్పటి సంభాషణకు పర్యవేక్షణ చాలు. మీ సంస్థలో అనుమతికి వారం పడుతుందంటే తాజా వార్తల మీద పోస్టులు మీకు కుదరవు. ఎక్స్‌ను పక్కన పెట్టి, ఎప్పటికీ పాతబడని ప్రశ్నల మీద యూట్యూబ్ చేయండి. రికార్డుల విషయానికొస్తే, ఎస్‌ఈసీ నిబంధన సలహాదారులను ఐదేళ్లు దాచమంటుంది. పోస్టు పెట్టిన రోజే స్క్రీన్‌షాట్, స్క్రిప్టు, తేదీ ఒక ఫోల్డర్‌లో వేసుకునే అలవాటు ఎక్కడున్నవారికైనా పనికొస్తుంది. ఇరవైనాలుగు గంటల్లో పోయే స్టోరీలు ఇక్కడే తలనొప్పి.

ఇక డబ్బులిచ్చి ఇన్‌ఫ్లుయెన్సర్ చేత చెప్పించడం. చాలా త్వరగా ఎక్కువమందికి చేరే దారి, చాలా త్వరగా ఇరుక్కునే దారి కూడా. ఆయన మాట్లాడిన ప్రతి మాటా మీ ప్రకటనే అవుతుంది. సెబీ 2024లో, రిజిస్ట్రేషన్ లేకుండా సలహాలిచ్చేవాళ్లతో, రాబడుల గురించి గొప్పలు చెప్పేవాళ్లతో తన పరిధిలోని సంస్థలు చేతులు కలపకూడదంది. అదే డబ్బుతో మీ సొంత వీడియోల్లో బాగా ఆడుతున్నదాన్ని ప్రకటనగా నడపడం మేలు. దానికి ముందు గూగుల్ దగ్గర ఆర్థిక సేవల ధ్రువీకరణ పూర్తిచేయాల్సి రావచ్చు. భారత్, బ్రిటన్‌తో సహా పలు దేశాల్లో అది లేకపోతే ప్రకటన ఆగిపోతుంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని పేరు, వెబ్‌సైట్‌లోని పేరు, ప్రకటన ఖాతాలోని పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

కామెంట్లు

వేదిక ఏదైనా ఈ కామెంటు వస్తుంది: 'నా వయసు 41, ఫలానా ఫండ్‌లో ఇంత ఉంది, అమ్మేయనా?' దీనికి అవును, కాదు అని జవాబిస్తే ఆ మనిషి పరిస్థితి తెలుసుకోకుండా పదిమంది ముందు వ్యక్తిగత సలహా ఇచ్చినట్టు. 'ఇన్‌బాక్స్‌కు రండి' అంటే గాలం వేసినట్టు. రెండూ కాకుండా ఇలా రాయొచ్చు: 'ఈ డబ్బు ఎప్పుడు కావాలో, అప్పులేమున్నాయో తెలియకుండా అమ్మమని గానీ ఉంచమని గానీ చెప్పలేను. నిర్ణయించే ముందు మూడు చూడండి: ఎగ్జిట్ లోడ్ (ముందే అమ్మితే ఫండ్ కోసుకునే రుసుము), పన్ను, ఈ డబ్బు కావాల్సిన సంవత్సరం. ఆ లెక్క ఇదే వీడియోలో నాలుగో నిమిషం దగ్గరుంది.' అడిగిన మనిషికి దారి దొరుకుతుంది. చదివే మిగతావాళ్లకు మీరెలా ఆలోచిస్తారో తెలుస్తుంది, ఫోన్ చేసేది వాళ్లే.

విమర్శలను తీసేసి పొగడ్తలనే ఉంచడం మర్యాద సమస్య ఒక్కటే కాదు. ఎస్‌ఈసీ దృష్టిలో అలా ఏరి ఉంచిన కామెంట్లు మీ ప్రకటన కిందికే రావచ్చు. బూతులు, మోసపు లింకులు తీసేస్తామని ముందే రాసిపెట్టి, అందరి విషయంలోనూ అదే పాటించండి. మీ పేరుతో నకిలీ ఖాతా కామెంట్లలో 'నా వాట్సాప్‌కు రండి' అని నంబరు పెడితే గంటల్లో తొలగించాలి. 'మేము కామెంట్లలో నంబరు ఇవ్వం, డబ్బు మా ఖాతాకు వేయమని అడగం' అన్న వాక్యం ప్రతి వీడియో కింద పిన్ చేసి ఉండాలి.

ఎప్పుడు కొనసాగించాలి, ఎప్పుడు మార్చాలి

లైకులు, ఫాలోవర్లు చూసి తేల్చకండి. మొదటి కాల్‌లో 'మా గురించి ఎక్కడ తెలిసింది?' అని అడిగి, జవాబు వాళ్ల మాటల్లోనే రాసుకోండి. 'మా బావ పంపిన వీడియో' అంటే అది సిఫారసా, యూట్యూబా? రెండూ. రెండు గళ్లలోనూ గీత పెట్టండి. ఒక్కో వేదికకు వేరే ట్యాగుతో (ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే గుర్తుతో) అపాయింట్‌మెంట్ లింక్ పెడితే మిగతా లెక్క అదే వస్తుంది.

గడువు వేదికను బట్టి మారుతుంది. లింక్డిన్‌లో ఆరు నెలలు క్రమంగా రాశాక కూడా మీ తరహా క్లయింట్ల నుంచి సందేశాలు రాకపోతే ముందు విషయాన్ని మార్చండి, వేదికను తర్వాత. యూట్యూబ్‌కు పాతిక వీడియోలు పడేదాకా తీర్పు చెప్పొద్దు. వీక్షణలు బాగుండి కాల్స్ రాకపోతే సాధారణంగా తప్పు రెండు చోట్ల ఉంటుంది: మీరు మాట్లాడే విషయం మీ ఫీజు కట్టలేనివాళ్లను రప్పిస్తోంది, లేదా మీ ఫీజు ఎంతో ఎక్కడా రాయలేదు. రెండోది ఇవాళే సరిచేయొచ్చు. ఎంత, ఎప్పుడు, దేనికి తీసుకుంటారో, కమీషన్ తీసుకుంటారో లేదో మూడు వాక్యాల్లో ప్రొఫైల్‌లో రాసేయండి. ఫీజు చూసి వెనక్కి తగ్గేవాళ్లు ఫోన్‌లో అరగంట మాట్లాడాక కూడా తగ్గేవాళ్లే.